ఉన్నవాళ్ళతో ఆడించండి

న్యూయార్క్, విమానాశ్రయం దగ్గరి హోటల్
స్ట్రాబెర్రీల నెల మొదట్లో

అక్కా,

చేరాం. వ్యాను దారిలో రెండుసార్లు మొరాయించింది గానీ మొత్తానికి దించింది. మెట్ల దగ్గర చివర వల ఉన్న మన లక్రాస్ కర్రల మూటలు దించుకుంటుంటే హోటల్లో పనిచేసే అమ్మాయి బయటికొచ్చి, "మీరు ఏ దేశం నుంచి వచ్చారు?" అని అడిగింది. మన విషే గాడు తడుముకోకుండా, "ఈ దేశం నుంచే. మీరెప్పుడొచ్చారు?" అన్నాడు. నవ్వాలో వద్దో తెలియక ఆ పిల్ల తాళాలు చేతిలో పెట్టి లోపలికి పోయింది.

పొద్దున పూట ఏదో కాలేజీ వాళ్ళ మైదానంలో ఆడనిస్తున్నారు. సాయంత్రాలు హోటల్ వెనక కార్లు పెట్టే చోట. బంతి తగిలి ఒకాయన కారు అద్దం పగిలింది. డెల్బర్ట్ బాబాయి మా అందరినీ వరసగా నిలబెట్టి తిట్టాడు. కోచ్‌గా తిట్టినట్టు లేదు, మేనత్త మొగుడు తిట్టినట్టుంది. రెండు వారాలు ఇలా సాధన చేసి విమానం ఎక్కుతాం. మన ఆరు ఆదివాసీ జాతుల పిల్లలం ఒకే చొక్కా వేసుకుని ప్రపంచ పోటీలకి సముద్రం దాటడం తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టడం లేదు.

బావ చొక్కా నా సంచిలో ఉంది. ఆయన నంబరు ఎవరికీ ఇవ్వలేదు. ఆ చోట ఆడబోయే ఒనైడా జాతి కుర్రాడు మంచివాడే, కానీ నేను గోల్‌లో నిలబడి ఎడమవైపు చూసినప్పుడల్లా వాడి వీపు బావ వీపులా లేదే అనిపిస్తుంది. ఈ మాట ఆయనతో అనకు.

బ్రూక్లిన్‌లో ఇనుప పని చేసే మనవాళ్ళు శుక్రవారం శుక్రవారం ఊరికి వస్తారు కదా, ఆంగస్ అన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నా. ఆదివారం ఆయన తిరిగొచ్చేటప్పుడు నీ జవాబు ఇచ్చి పంపు. ఫోన్ చేద్దామనుకున్నాను. మీ ఫోను బావ మంచం పక్క గోడకే ఉంది. ఆయన వింటుండగా ఆయన సంగతి నేనేం అడగను, నువ్వేం చెప్తావు?

బయల్దేరేటప్పుడు అమ్మ అన్న మాట అందరికీ చెప్పాను. "మన జాతుల పాస్‌పోర్టు తప్ప ఇంకొకళ్ళ కాగితం పట్టుకుని విమానం ఎక్కినవాడు మళ్ళీ నా ఇంట్లో సూప్ తాగడు." ఇక్కడ అందరికీ అది వేళాకోళం అయిపోయింది. అన్నం దగ్గర కూర్చుంటే చాలు, "కాగితం చూపించు, సూప్ పోస్తాం" అంటున్నారు.

బావ ఎలా ఉన్నాడు? నన్ను ఏమైనా తిట్టాడా? తిట్టింది తిట్టినట్టు రాయి.

నీ తమ్ముడు
రోవీ


అక్వెసాస్నే, ద్వీపం మీద ఇల్లు
ఆదివారం

రోవీ,

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. విషే అన్న మాటకి నవ్వాడు. బాగానే ఉన్నాడు. మంచం కిటికీ దగ్గరికి జరిపించాను, ఓడలు పోతుంటే కనబడతాయి. "మీ తమ్ముణ్ణి గోల్‌కీపరుగా పంపుతున్నారా, జల్లెడ పంపుతున్నారా? వాడి కాళ్ళ మధ్య నుంచి ఆవు కూడా దూరి పోతుంది" అన్నాడు. ఇంకా చాలా అన్నాడు, అవన్నీ రాస్తే అమ్మ ఈ కాగితం పొయ్యిలో పెడుతుంది.

అమ్మ మొన్న మన పూజలు జరిగే పొడుగింట్లో స్ట్రాబెర్రీ పానకం పంచింది. నీ పేరు, మీ జట్టులో మన తాబేలు వంశం పిల్లలందరి పేర్లూ చెప్పి మరీ పంచింది. నీ వాటా నేను తాగేశాను. దుప్పట్లు ఉతకడం, మందులు, బావని గంట గంటకీ పక్కకి తిప్పడం, ఇదీ నా రోజు. బావ పడిన వంతెన కట్టించే కంపెనీ నుంచి ఒకాయన పళ్ళ బుట్ట పట్టుకుని వచ్చి చూసి వెళ్ళాడు. ఆ పళ్ళు ఎవరూ ముట్టుకోలేదు.

నువ్వు ఇక్కడి సంగతులు మనసులో పెట్టుకోకు. బంతి మీద చూపు పెట్టు. ఆంగస్ అన్న హారన్ కొడుతున్నాడు, ఆపేస్తున్నా.

అక్క
కహెంతే


న్యూయార్క్
గురువారం

అక్కా,

మా ప్రయాణం కాస్త వెనక్కి జరిగేలా ఉంది. ఏవో కాగితాల పనులు. పెద్దవాళ్ళు చూసుకుంటున్నారు, కంగారేం లేదు. పిల్లలు హోటల్ ఈత తొట్టిలో పడి ఆడుతున్నారు. నేను బాగానే ఆపుతున్నాను. నిన్న విషే కొట్టిన బంతి మెడకి తగిలి గుడ్డంత వాచింది, అంతే.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. బావ నన్ను ఎప్పుడూ "మీ తమ్ముడు" అనడు. "తలుపు" అంటాడు. "ఆ తలుపుకి గడియ లేదు, గాలికే తెరుచుకుంటుంది" అంటాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే పేరు. పోనీ అది మర్చిపోయాడనుకో. విషే అన్నదానికి నవ్వాడని రాశావు. బావ విషే మాటకి ఎన్నడూ నవ్వడు. వాడి నాన్న మీద కోపంతో వాడి జోకులు కూడా నచ్చవు ఆయనకి.

జల్లెడ అన్నది నువ్వు. ఆవు అన్నది కూడా నువ్వే. చిన్నప్పుడు నన్ను అలాగే అనేదానివి.

బావ మాట్లాడుతున్నాడా అక్కా?

రోవీ


అక్వెసాస్నే
ఆదివారం

రోవీ,

లేదు. మాట్లాడటం లేదు.

ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు గుమ్మం దగ్గర "నెమ్మదిగా" అన్నాడు. ఆ తర్వాత నువ్వు ఉన్న వారం రోజులూ ఏవో రెండు మాటలు పొడిగా అన్నాడు కదా, అవి నీ కోసం అన్నవే. వ్యాను మలుపు తిరగ్గానే మొహం గోడకి తిప్పుకున్నాడు. కిటికీ దగ్గరికి మంచం జరిపించింది నిజమే. ఆ రాత్రే వెనక్కి జరపమని చేత్తో సైగ చేశాడు. ఓడలు చూడడు. రేడియో పెడితే కళ్ళు మూసుకుంటాడు. చెంచా నోటి దగ్గర పెడితే పళ్ళు బిగిస్తాడు. ఎముకలు పైకి తేలుతున్నాయి. ఇనుప దూలాల మీద నడిచిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టగలుగుతున్నాను. అంత తేలికైపోయాడు.

నీకు ఎందుకు రాయలేదంటే అమ్మ వద్దంది. "వాడు ఒక ఇంటి కోసం పోవడం లేదు. వాడి కాళ్ళకి మనం బరువు కట్టకూడదు" అంది. సరే అన్నాను. రాస్తూ రాస్తూ నాక్కూడా ఆయన ఆ మాటలన్నీ అన్నట్టే అనిపించింది. కాసేపు హాయిగా ఉంది.

మంగళవారం మధ్యాహ్నం ఎండ బాగుందని కుర్చీలో కూర్చోబెట్టి రేవు దాకా తీసుకెళ్ళాను. చెక్కల చివర కుర్చీ ఆపాను, నీళ్ళు కనబడేలా. నది నిండుగా ఉంది. అప్పుడు మాట్లాడాడు. ఎంత మామూలుగా మాట్లాడాడంటే, మొదట నాకు సంతోషం వేసింది చూడు.

"చక్రానికి బ్రేకు వెయ్యకు కహెంతే. నువ్వు ఇంట్లోకి వెళ్ళి కాఫీ తెచ్చుకో."

"నీకూ తేనా?" అన్నాను. అన్నాక అర్థమైంది.

ఆయన నా వంక చూడలేదు. నేను నా పాదం చక్రం కింద పెట్టి అలాగే నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. కాలు తిమ్మిరెక్కి వాచింది. చివరికి ఆయనే "సరే, పద" అన్నాడు, ఏదో దుకాణంలో బేరం కుదరనట్టు. ఇంటికొచ్చాక తుపాకీ తీసుకెళ్ళి అవతల ఒడ్డున టార్బెల్ వాళ్ళకిచ్చి వచ్చాను. గడ్డం గీసే బ్లేళ్ళు కూడా. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా వెనక్కి తిరిగి చూసుకుంటున్నాను.

అమ్మకి చెప్పక తప్పలేదు. అమ్మ ఏడవలేదు. లేచి శాలువా కప్పుకుని పొడుగింటికి వెళ్ళి పెద్దలతో మాట్లాడి వచ్చింది. బావ కోసం ఆట పిలవాలని నిర్ణయించారు. రోగి కోలుకోవాలని ఆడే మందు ఆట. చెక్క కర్రలతో, జింక తోలు బంతితో, మన తాతలు ఆడినట్టు. ఆయన ప్రాణం ఆయనకి తిరిగి రావాలని.

కానీ ఎవరు ఆడతారు రోవీ? కర్ర పట్టగలిగిన వాళ్ళంతా మీ హోటల్లో ఉన్నారు. మిగిలిన వయసు వాళ్ళు ఇనుప పనికి పోయారు.

ఇంకో మాట. "కాస్త వెనక్కి జరిగింది" అని రాశావు. ఇక్కడి రేడియోలో చెప్పారు. ఆ దేశం వాళ్ళు మన పాస్‌పోర్టులు చెల్లవన్నారట కదా, మిమ్మల్ని రానిచ్చేది లేదన్నారట కదా. ఊరంతటికీ తెలుసు. నాకు నువ్వు రాయలేదు. మనిద్దరం ఒక్క అమ్మ పిల్లలమే.

ఎవరినైనా పంపు. లేదా నువ్వు రా.

కహెంతే


న్యూయార్క్
బుధవారం

అక్కా,

రేవు దగ్గరి సంగతి చదివి మెట్ల మీద కూర్చుండిపోయాను. విషే వచ్చి ఏమైందన్నాడు. కాగితం వాడి చేతికిచ్చాను. వాడు చదివి నా పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు జట్టు మొత్తానికి తెలుసు. తప్పు చేశానేమో.

నా సంగతి ఇది. పోయిన వారం ఆ దేశపు కార్యాలయానికి వెళ్ళాం. అందరం చొక్కాలు ఇస్త్రీ చేసుకుని వెళ్ళాం అక్కా. కిటికీ అవతల ఆయన మన పాస్‌పోర్టు ఒకటి తీసి, వేలి కొసతో పేజీలు తిప్పి, "బాగా అచ్చు వేశారు. జ్ఞాపకంగా దాచుకోండి" అన్నాడు. ఎగతాళిగా కూడా అనలేదు. నిజంగా మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. డెల్బర్ట్ బాబాయి ఆ పుస్తకం వెనక్కి తీసుకుని, చొక్కాకి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. 

ఆ తర్వాత ఇంకొకాయన మా హోటల్‌కి వచ్చాడు, మర్యాదస్తుడు. "మీరంతా ఇటు గానీ అటు గానీ పుట్టినవాళ్ళే కదా. అమెరికా పాస్‌పోర్టు, కెనడా పాస్‌పోర్టు, ఎవరిది వాళ్ళకి ఒక్క రోజులో ఇప్పిస్తాను. ఎక్కి వెళ్ళి ఆడుకోండి. చొక్కా మీద మీ పేరే ఉంటుంది కదా" అన్నాడు. ఆ రాత్రి జట్టు రెండుగా చీలింది. సెనెకా జాతి అన్నదమ్ములిద్దరు కొట్టుకున్నారు. తమ్ముడు "ఆడటానికి వచ్చామా, జేబులో ఏముందో చూపించడానికి వచ్చామా?" అంటాడు. అన్న "వాళ్ళ కాగితంతో పోతే అక్కడ దిగేది మనం కాదురా, వాళ్ళే" అంటాడు. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. చివరికి పెద్దవాళ్ళు వద్దన్నారు. మేం తలలూపాం. ఆ తమ్ముడు ఇప్పటికీ ఎవరితోనూ అన్నం తినడం లేదు.

మొదటి ఆట నిన్న. మనం రాలేదని అవతలి వాళ్ళకి గెలుపు రాసేశారు. రెండోది రేపు. అది కూడా అంతే అవుతుంది. రోజూ పొద్దున "ఇవాళ అనుమతి రావచ్చు" అంటారు. సంచులు సర్దుకుని కింద కూర్చుంటాం. మధ్యాహ్నం సంచులు పైకి మోసుకెళ్తాం.

నేను రాలేనక్కా. రెండో గోల్‌కీపరుకి వేలు విరిగింది, ఉన్నది నేనొక్కణ్ణే. నేను బస్సెక్కిన గంటకి అనుమతి వస్తే ఇంతమంది నోట్లో మన్ను కొట్టినట్టవుతుంది. డెల్బర్ట్ బాబాయిని అడిగాను. "ఒకడు కదిలితే ఇల్లంతా కదులుతుంది" అని మాత్రం అన్నాడు.

ఆట ఆపకండి. ఉన్నవాళ్ళతో ఆడించండి. సోసే తాత ఉన్నాడు, బడి మాస్టారు ఉన్నాడు, ఎవరుంటే వాళ్ళు. మందు ఆటలో గెలుపు ఎవరిదని చూడరు కదా.

కింద రాసింది బావకి చదువు.

బావా, నువ్వు లేని చోట నిలబడ్డానికి ఇక్కడ ఇంతమందిమి కూర్చుని ఉన్నాం. నువ్వు కాస్త ఓపిక పట్టు. నేను వచ్చేస్తాను.

రోవీ


అక్వెసాస్నే
ఆదివారం

రోవీ,

చదివాను. గోడవైపు తిరిగాడు.

ఓపిక పట్టమని రాశావే, నీకు ఓపిక అంటే తెలుసా? అన్నం తినని మనిషి పక్కన గిన్నె పట్టుకుని కూర్చుని చూడు. నువ్వు వచ్చేస్తానంటావు, ఎప్పుడో రాయవు. నీ విమానం ఎప్పుడో నీకే తెలియదు.

ఎవడి గుమ్మం ముందో సంచులు పెట్టుకుని "మమ్మల్ని ఒక జాతి అని ఒప్పుకోండి" అని కూర్చున్నారు మీరు. ఆ జాతి ఇక్కడ మంచం మీద ఉంది. దానికి పుండ్లు పడ్డాయి. రోజుకి రెండుసార్లు కట్లు మారుస్తున్నాను. కావాలంటే వచ్చి ముద్ర వేసి పో.

అమ్మ ఈ ఉత్తరం పంపొద్దంటోంది. పంపుతున్నాను.

ఆట వచ్చే శనివారం. గోల్‌లో సోసే తాత నిలబడతాడట. ఆయన మోకాళ్ళు వంగవు. నీ చోట ఆయన.

కహెంతే


సముద్రం అవతల, ఆటగాళ్ళ బస
చిక్కుళ్ళ నెల మొదట్లో

అక్కా,

దీన్ని ఇక్కడి ఆఫీసులో ఫ్యాక్స్ మిషన్ మీద మన ఊరి క్లినిక్‌కి పంపుతున్నాను. అక్కడ థెరెస్ నీకు తెచ్చిస్తుంది. ఆమె చదివేసినా ఫరవాలేదు. దాచుకునేది ఏమీ మిగల్లేదు.

నీ ఉత్తరం అందిన రోజు నేను ఎవరికీ చెప్పకుండా సంచి తీసుకుని బస్‌స్టేషన్‌కి నడిచాను. టికెట్ తీసుకుని బెంచీ మీద కూర్చుంటే పక్కన ఎవరో కూర్చున్నారు. చూస్తే డెల్బర్ట్ బాబాయి. వెనకాలే నడిచి వచ్చాడట, ఆ నొప్పి మోకాలితో.

"ఆపడానికి వచ్చావా?" అన్నాను.

"లేదు. ఒక్కడివే కూర్చుంటావని వచ్చాను."

మోకాలు రుద్దుకుంటూ ఆయనే అన్నాడు. "నువ్వు వెళ్తే తప్పనను. ఉంటే గొప్ప అనను. ఏది చెయ్యాలో నీకు తేల్చిచెప్పే ఓపిక నాకు లేదు, నేనూ అలిసిపోయాను."

బస్సు వచ్చింది. డ్రైవరు నా సంచి కింద అరలో పెట్టాడు. నేను ఒక కాలు మెట్టు మీద పెట్టాను. అప్పుడు రోడ్డు అవతల నుంచి విషే చెప్పులు లేకుండా పరుగెత్తుకొస్తూ కనబడ్డాడు, చేతులు ఊపుకుంటూ. అనుమతి వచ్చింది. ఈ ఒక్కసారికి, మన పాస్‌పోర్టు మీదే. ఎవరో పెద్దవాళ్ళు ఎవరితోనో మాట్లాడారట.

అక్కా, నేను మెట్టు దిగాను. సంచి తీసి ఇమ్మని డ్రైవర్ని అడిగాను.

బావ అయితే ఏం చేసేవాడని ఆలోచించి దిగానని రాయొచ్చు. జాతి కోసమని రాయొచ్చు. అలాంటిదేమీ లేదు. ఆ నిమిషంలో బావ గుర్తు రాలేదు, నువ్వు గుర్తు రాలేదు. ఆడాలనిపించింది. అంతే. విమానంలో కూర్చున్నాక నువ్వు చక్రం కింద పెట్టిన పాదం గుర్తొచ్చింది. అప్పటికి కింద నీళ్ళు తప్ప ఏమీ లేవు.

ఇక్కడ దిగాక కిటికీలో ఉన్న అమ్మాయి మన పాస్‌పోర్టు తీసుకుని, తలెత్తకుండా టప్పున ముద్ర కొట్టి ఇచ్చేసింది. ఒక్క క్షణం పట్టింది. మేమందరం గోడ పక్కన చేరి ఆ పేజీ చూసుకున్నాం. ఊదా రంగు మరక, తేదీ కూడా సరిగ్గా కనబడటం లేదు. డెల్బర్ట్ బాబాయి ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. ఇంత మరక కోసమా అనిపించింది. మళ్ళీ వెంటనే, ఇది లేకపోతే చచ్చిపోయేవాళ్ళం అని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి.

మిగిలిన ఆటలు మూడు. మొదటిది ఈ దేశం వాళ్ళతోనే. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, మన జెండా కూడా పైకి వెళ్ళింది. తర్వాత మమ్మల్ని చితక్కొట్టారు. ఎన్ని గోల్స్ వదిలేశానో రాయను. నిద్ర లేదు, కాళ్ళు ఈడ్చుకుపోతున్నాయి. ప్రతి బంతికీ ఎడమవైపు చూశాను. రెండోది ఒక్క గోల్ తేడాతో పోయింది. ఎవరితోనూ అన్నం తినని ఆ సెనెకా తమ్ముడు ఆఖర్లో బంతి పట్టుకుని నలుగురిని దాటుకుని వెళ్ళాడు. కర్ర ఎత్తాడు. బంతి గోల్ కమ్మికి తగిలి బయటికి పోయింది. వాడు అక్కడే మోకాళ్ళ మీద కూలబడితే వాళ్ళన్న వెళ్ళి భుజం పట్టి లేపాడు. మూడోది ఎల్లుండి.

నిన్న శనివారం. మీ దగ్గర పొద్దున్న అయ్యే వేళకి నేను గదిలో గడియారం ముందు కూర్చున్నాను. ఆట అయిందా? ఎవరు ఆడారు? బావ ఉన్నాడా?

ఆ ఒక్క మాట రాయి అక్కా. తిట్టి అయినా రాయి. ఉన్నాడా?

రోవీ


అక్వెసాస్నే
మంగళవారం

రోవీ,

ఉన్నాడు.

థెరెస్ నీ కాగితాలు శాలువాలో చుట్టుకుని వానలో తెచ్చింది. అంతా చదివేసింది, ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. నాకు కోపం రాలేదు. ఎవరైనా నా బదులు ఏడిస్తే బాగుండుననే ఉంది.

శనివారం పొద్దున ఆయన్ని అడగలేదు. చొక్కా తొడిగి, దుప్పటి కప్పి, కుర్చీలో కూర్చోబెట్టి తోసుకెళ్ళాను. పొడుగింటి వెనక మైదానంలో వచ్చినవాళ్ళని లెక్కపెట్టాను. సోసే తాత, బడి మాస్టారు, గుండెకి ఆపరేషన్ అయిన సాక్సరీ మామయ్య, బడి పిల్లలు ఎనిమిది మంది, టార్బెల్ వాళ్ళ అల్లుడు ఒకడు. వాడు కర్ర తలకిందులుగా పట్టుకున్నాడు. ఆడవాళ్ళం కర్ర ముట్టుకోం కాబట్టి దూరంగా నిలబడ్డాం గానీ, ఆ రోజు లాక్కుని నేనే ఆడాలనిపించింది.

పొడుగింటి పెద్దాయన నిప్పుల్లో పొగాకు వేసి ప్రార్థన మాటలు చెప్పాడు. మొదలుపెట్టారు. పది అడుగులు పరిగెత్తి నడుం పట్టుకుంటారు. బంతి గడ్డిలో పడితే ముగ్గురు కలిసి వెతుకుతారు. సోసే తాత పెట్టుడు పళ్ళు తీసి జేబులో పెట్టుకుని గోల్‌లో నిలబడ్డాడు. మొదటి బంతి, ఒక పిల్లాడు కొట్టింది, మెల్లగా దొర్లుకుంటూ వచ్చి ఆయన కాళ్ళ మధ్య నుంచి పోయింది. ఆయన వంగి చూసేసరికి వెనకాల ఉంది. రెండోది కూడా అలాగే.

"కాళ్ళు మూసుకో ముసలోడా!"

ఎవరు అరిచారో అని అందరం చూశాం. నేను కుర్చీ వెనకే ఉన్నాను, ఐనా నాకు తెలియలేదు.

"వంగలేకపోతే కర్ర నేల మీద పెట్టు! ఎడమకి జరుగు, ఎడమకి! మాస్టారూ, నీకు వీడు తప్ప మనిషే కనబడడా, అటు అందించు!"

బావే, మెడ నరాలు ఉబ్బిపోయి, ఉమ్మి ఎగురుతూ అరుస్తున్నాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్లలు నవ్వుతూ ఆడారు, ముసలాళ్ళు తిట్లు తింటూ ఆడారు. చాలాసేపు అలా సాగింది. అప్పుడు సోసే తాత ఇంకో బంతి వదిలేసి, రొప్పుతూ, అలవాటుగా అనేశాడు: "అంత తెలిసినవాడివి, నువ్వే వచ్చి నిలబడు!"

అందరూ ఆగిపోయారు. పిల్లలు కూడా. సోసే తాత మొహం చూడలేకపోయాను.  బావ ఏడ్చాడు రోవీ. పడిన రోజు ఏడవలేదు, ఆసుపత్రిలో ఏడవలేదు. దుప్పటి నోట్లో కుక్కుకుని, కుర్చీ అంతా కదిలేలా. నేను దగ్గరికి వంగితే తోసేశాడు. పెద్దాయన మాత్రం, "ఆట ఆగకూడదు, ఆడండి" అన్నాడు. ఏడుస్తూనే ఆడారు అందరూ. సోసే తాత బుగ్గల మీద నీళ్ళు కారుతూ, ఆ తర్వాత ఒక్క బంతీ వదల్లేదు. ఎలా ఆపాడో నాకు తెలియదు.

అయ్యాక జింక తోలు బంతి తెచ్చి బావ ఒళ్ళో పెట్టారు. చేతులు దాని మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చాక సూప్ అడిగి తాగాడు.

ఇంతటితో ఆపేస్తే నీకు బాగుంటుంది. కానీ ఆదివారం మళ్ళీ గోడవైపే తిరిగాడు. రోజంతా. నేను వంటింట్లో నేల మీద కూర్చున్నాను. సోమవారం పొద్దున, "తలుపు ఆడాడా?" అన్నాడు. ఇవాళ నీ కాగితాలు వచ్చాక మొత్తం చదివి వినిపించాను, రేవు సంగతితో సహా. నువ్వు మెట్టు దిగిన చోట ఆపమన్నాడు. మళ్ళీ చదవమన్నాడు.

నిన్ను క్షమించానో లేదో నాకు తెలియదు. వచ్చాక మొహం చూసి చెప్తాను. అమ్మ మాత్రం నీ పాస్‌పోర్టులో ఆ పేజీ చూపించే వరకూ నిన్ను కూర్చోనివ్వదట.

కాగితం ఇమ్మంటున్నాడు. ఇస్తున్నా. నేను చదవకూడదట.

కహెంతే


రోవీ,

సోసే తాత నీకన్నా నయం. ముందు అది తెలుసుకో.

నేనైనా ఆ మెట్టు దిగేవాణ్ణే. అందుకే నీ మీద ఇంత కోపం. నాకు దిగడానికి మెట్టు కూడా లేదు.

మీ అక్క నేను బాగుపడ్డానని అనుకోవాలని చూస్తోంది. ఆ ముసలాళ్ళు ఆడినందుకు నాకు కాళ్ళు రాలేదు, రావు. రేవు దగ్గర నేను అన్నది ఊరికే అన్నది కాదు. ఇప్పటికీ పొద్దున కళ్ళు తెరవగానే మొదట అదే వస్తుంది. తర్వాత వేరేవి వస్తాయి. శనివారం ముందు వేరేవి వచ్చేవి కావు. అంతవరకే చెప్పగలను. ఎక్కువ చెబితే అబద్ధం అవుతుంది, ఈ ఇంట్లో అవి ఇప్పటికే చాలా అయ్యాయి.

నిన్న తిన్నాను. ఇవాళ తిన్నాను. నువ్వు వచ్చేదాకా తింటానని మీ అక్కకి మాటిచ్చాను. ఆ తర్వాత సంగతి నీతో మాట్లాడాలి, ఆమె లేని చోట.

ఆటలు అయిపోయాయని పరిగెత్తుకు రాకు. నిదానంగా రా.

నీ బావ
అటోన్వా